పలకరించనివాళ్ళకు రన్‌వే లేదు

సెడిబానా విమానాశ్రయంలో రాడార్ లేదు. రాడార్ ఉండాల్సిన చోట మ్మా కెలెబోన్యే గారున్నారు.

ఈ ఏర్పాటు రాడార్‌కన్నా మెరుగైనదని మా ఊరి గట్టి నమ్మకం. విమానం ఎక్కడుందో రాడార్ చెబుతుంది, నిజమే. కానీ దాన్ని నడిపేవాడు రాత్రి సరిగా నిద్రపోయాడా, పెళ్ళాంతో మాటా మాటా అనుకున్నాడా, వాళ్ళమ్మ మోకాలి నొప్పి తగ్గిందా అన్న విషయాలు ఆ యంత్రానికి పట్టవు. మ్మా కెలెబోన్యేకు పడతాయి. టవర్ మీద, నాలుగువైపులా అద్దాలున్న గదిలో, మెడలో దూరదర్శిని, చేతిలో మైక్, పక్కన టీ ఫ్లాస్కు పెట్టుకుని ఆవిడ కూర్చుంటే మా జిల్లా ఆకాశం మొత్తం ఆవిడ పెరడే.

చిన్న పెరడేం కాదు. ఒకావాంగో నది సముద్రందాకా వెళ్ళే ఓపిక లేక మా ఎడారిలోనే చతికిలబడిపోయింది. అది చతికిలబడ్డ చోట చిత్తడి, రెల్లు, దీవులు, ఆ దీవుల్లో ఏనుగులు, ఆ ఏనుగులను చూడటానికి ఎక్కడెక్కడినుంచో వచ్చే మనుషులు. దీవులకు రోడ్డు లేదు. కాబట్టి నలుగురైదుగురు పట్టే చిన్న విమానాలు పొద్దున్నే గుంపుగా లేచిపోయి, ఎండెక్కేసరికి గుంపుగా తిరిగొస్తాయి. అలా తిరిగొచ్చే గంటలో మా ఆకాశం పెళ్ళింటి వంటగదిలా ఉంటుంది. అందరికీ పని ఉంటుంది, అందరూ ఒకే గుమ్మంలోంచి రావాలంటారు, ఎవరి చేతుల్లోనూ ఖాళీ ఉండదు.

నేను ప్రయాణికుల షెడ్డులో కాటా దగ్గర పనిచేసేవాణ్ణి. సామాన్లనూ మనుషులనూ తూచి ఎవరిని ముందు సీట్లో కూర్చోబెట్టాలో, ఎవరిని వెనక్కి నెట్టాలో తేల్చడం నా ఉద్యోగం. నా బల్ల మీద ఒక చిన్న రేడియో ఉండేది. టవర్ మాటలన్నీ అందులో వినిపించేవి. పైలట్లు, మెకానిక్కులు, మగ్విన్యా అనే పిండి బూరెలు వేయించి అమ్మే మ్మా డికెలెడి, అందరూ ఏదో ఒక వంకన నా బల్ల చుట్టూ చేరి వినేవారు. ఊళ్ళో అంతకు మించిన వినోదం లేదు.

వినోదానికి మూలం ఆవిడ పలకరింపు.

మా దేశంలో మనిషి ఎదురైతే ముందు పలకరింపు, ఆ తర్వాతే పని. మీ ఇల్లు తగలబడుతోందని చెప్పడానికి పరిగెత్తుకొచ్చినవాడైనా సరే, ముందు అమ్మగారిని ‘డుమేలా మ్మా’ అనాలి, ‘డుమేలా ర్రా’ అని అయ్యగారికి జవాబు రావాలి. ఎలా లేచారని ఒకరు అడగాలి, బాగా లేచాను, తమరెలా లేచారని రెండోవారు అనాలి, నేనూ లేచానని మొదటివారు ముగించాలి. అప్పుడు ఇంటి సంగతి. ఈ మర్యాద నేల మీద ఎంత ఉందో ఆకాశంలోనూ అంతే ఉండాలన్నది మ్మా కెలెబోన్యే సిద్ధాంతం. నిబంధనల ప్రకారం ఆకాశంలో ఇంగ్లీషే మాట్లాడాలి. ఆవిడ ఆ నిబంధన ఏనాడూ మీరలేదు, పని అంతా ఇంగ్లీషులోనే చేసేది. పలకరింపు పని కాదు కనుక మా భాష సెట్స్వానాలో చేసేది.

హెన్నింగ్ అని జర్మనీ నుంచి ఒక కుర్ర పైలట్ వచ్చాడు. పొడుగ్గా, ఎర్రగా, గడియారానికి పుట్టినవాడిలా ఉండేవాడు. మొదటిరోజు దీవులనుంచి తిరిగొస్తూ టవర్‌ను పిలిచాడు.

“సెడిబానా టవర్, ఉత్తరం నుంచి వస్తున్నాను. దిగడానికి అనుమతి కావాలి.”

జవాబు లేదు. మళ్ళీ పిలిచాడు. జవాబు లేదు. మూడోసారికి రేడియో నెమ్మదిగా గొంతు సవరించుకుంది.

“డుమేలా ర్రా.”

“ఏమిటి? మళ్ళీ చెప్పండి.”

“డుమేలా అన్నాను బిడ్డా. మీ ఊళ్ళో ఏమంటారో అదే అను, నాకేం పట్టింపు లేదు.”

“గుడ్ మార్నింగ్.”

“ఎలా లేచావు?”

“ఎక్కణ్ణుంచి?”

నా బల్ల దగ్గర మ్మా డికెలెడి పొట్ట పట్టుకుని కూలబడిపోయింది. రేడియోలో మ్మా కెలెబోన్యే మాత్రం ఎంతో ఓర్పుగా, “మంచం మీంచే అనుకుంటున్నాను. ఇంకెక్కణ్ణుంచైనా లేచావంటే అది నీ సొంత విషయం,” అంది. ఆ చర్చ ముగిసేసరికి హెన్నింగ్ రన్‌వే దాటి వెళ్ళిపోయాడు. మళ్ళీ ఒక చుట్టు చుట్టి రావాల్సి వచ్చింది.

దిగగానే తిన్నగా టవర్ మెట్లెక్కి అడిగాడట, ఇదేం పద్ధతి అని. ఆవిడ అతనికి టీ పోసి, “లేచానని చెప్పనివాడు లేచాడని నాకేం నమ్మకం? నిద్రలో ఉన్నవాడికి రన్‌వే ఇవ్వమంటావా?” అంది.

ఇది వట్టి మాట కాదు. ర్రా సెలేలో అని మా ఊళ్ళో అందరికన్నా పెద్ద పైలట్ ఒకాయన ఉన్నాడు. ఆయన ఎక్కిన విమానాలకన్నా ఆయన కాచిన పశువులే ఎక్కువ, ఆయన మనసు కూడా అక్కడే. ఒక పొద్దున ఆయన “బాగా లేచాను మ్మా” అన్నాడు. ఆ ‘బాగా’లో ఆవిడకు ఏదో తేడా కొట్టింది. ఇంజన్ ఆపి ఆసుపత్రికి పొమ్మంది. పోయాడు. మలేరియా. గాల్లో ఉండగా కమ్మాల్సిన జ్వరం మంచంలో కమ్మింది. ఆనాటినుంచి ర్రా సెలేలో ఆవిణ్ణి పలకరించడంలో ఒక్క మాట కూడా తగ్గించేవాడు కాదు. పైగా కొన్ని కలిపేవాడు.

ఆ కలిపిన మాటలే కొంప మీదికి తెచ్చాయి.

విమానాల శరీరధర్మం గురించి ఇక్కడ రెండు ముక్కలు చెప్పక తప్పదు. ర్రా సెలేలో నడిపేదానికి రెక్క నెత్తిన ఉంటుంది. గొడుగేసుకున్న మనిషి లాంటిది, పైన ఏముందో కనబడదు. హెన్నింగ్ నడిపేదానికి రెక్క పొట్ట కింద ఉంటుంది. పెద్ద తట్ట పొట్టకానించుకుని నడిచే మనిషి లాంటిది, కింద ఏముందో కనబడదు. గొడుగువాడు కిందా తట్టవాడు పైనా ఒకే దారిన పడితే, ఇద్దరికీ కళ్ళున్నా ఇద్దరూ గుడ్డివాళ్ళే. అప్పుడు చూసే కళ్ళు టవర్‌లో ఉండాలి, వినే చెవులు రేడియోలో ఉండాలి. రేడియోకి ఇంకో బుద్ధి ఉంది. ఇద్దరు ఒకేసారి మాట్లాడితే కీచుమని అరిచి ఇద్దరి మాటా మింగేస్తుంది. మాట మింగబడిందని మాట్లాడినవాడికి తెలియదు.

ఆ రోజు తిరిగొచ్చే గంట మంచి రద్దీగా ఉంది. ర్రా సెలేలో వస్తున్నాడు.

“డుమేలా మ్మా కెలెబోన్యే.”

“డుమేలా ర్రా సెలేలో. ఎలా లేచారు?”

“బాగా లేచాను మ్మా. తమరెలా లేచారు?”

“నేనూ లేచాను. మీ పశువుల దగ్గర వాన పడిందటగా?”

“పడిందంటే పడింది మ్మా. దుమ్ము అణిగేంత. ఆ నల్లావు మాత్రం—”

సరిగ్గా ఆ నల్లావు దగ్గర రేడియో కీచుమంది. నేను దాన్ని చేత్తో తట్టాను, ముసలి రేడియో కదా అనుకుని. అది రేడియో తప్పు కాదు. పడమటినుంచి హెన్నింగ్ పిలిచాడు. ఎక్కడున్నాడో, ఎంత ఎత్తులో ఉన్నాడో, రన్‌వేకు తిరుగుతున్నానని, అంతా లక్షణంగా చెప్పాడు. చెప్పానని అతను అనుకున్నాడు. నల్లావు ఆ మాటలన్నిటినీ మేసేసింది.

నేను షెడ్డు బయటికి వచ్చి తలెత్తి చూశాను. దూరంగా ఒక విమానం దిగుతూ వస్తోంది. అందులో వింతేమీ లేదు. ఇంకాస్త దగ్గరికి వచ్చేసరికి దానికి చక్రాలు ఎక్కువున్నట్టు అనిపించింది. విమానానికి మూడు చక్రాలుంటాయి. దీనికి ఆరున్నాయి. పైన మూడు, కింద మూడు. నా వెనక మ్మా డికెలెడి చేతిలోని జల్లిగరిటె నూనెలోకి జారిపోయిన చప్పుడు వినిపించింది.

“సెలేలో, కిందికి. హెన్నింగ్, పైకి. ఇప్పుడే.”

ఆ గొంతు మ్మా కెలెబోన్యేదేనని పోల్చుకోవడానికి నాకు క్షణం పట్టింది. ర్రా లేదు, బిడ్డా లేదు. ఆవిడ పలకరించకుండా మాట్లాడటం మా ఊరు విన్నది అదే మొదటిసారి. సెలేలో ముక్కు కిందికి వంచాడు. హెన్నింగ్ ఇంజన్ గొంతు చించుకుంటూ పైకి లాగాడు. ఇద్దరి మధ్యా ఒక్క ఆవు పట్టేంత జాగా ఏర్పడింది. నిలబడిన ఆవు కాదు, పడుకున్న ఆవు. ఆ జాగాలోంచి నీలం ఆకాశం కనబడగానే మేమంతా ఒకేసారి ఊపిరి వదిలాం.

దిగాక ఇద్దరూ పెట్రోలు పీపాల దగ్గర కలుసుకున్నారు. షెడ్డంతా ఖాళీ అయి అక్కడికే వెళ్ళింది.

“నేను చెప్పాను. అంతా చెప్పాను. మీరు ఆవు గురించి మాట్లాడుతున్నారు,” అన్నాడు హెన్నింగ్.

“డుమేలా ర్రా,” అన్నాడు సెలేలో.

“ఇప్పుడా?”

“ఇప్పుడు కాకపోతే ఎప్పుడు? ఇందాక ఇద్దరం చచ్చిపోయేవాళ్ళం. చావబోయి బతికినవాళ్ళు ఒకరినొకరు పలకరించుకోకపోతే ఇంకెవరు పలకరించుకుంటారయ్యా?”

హెన్నింగ్ ఏదో అనబోయి, ఆ పెద్దాయన చేతులు తన చేతులకన్నా ఎక్కువగా వణకడం చూసి, “డుమేలా” అన్నాడు. తర్వాత ఇద్దరూ ఒక పీపా మీద పక్కపక్కన కూర్చున్నారు.

కబురు రాజధానికి చేరింది. రాజధాని నుంచి విచారణకు ర్రా ఫుతెగో వచ్చాడు. టై కట్టుకుని, నున్నగా గీసుకున్న గడ్డంతో, ఎండను కూడా నియమాల ప్రకారమే భరిస్తున్నట్టు ఉండేవాడు. చెడ్డవాడు కాదు. అందరినీ మర్యాదగా పలకరించి, అందరి మాటా విని, టవర్ ఎక్కి తీర్పు చెప్పాడు. టీ పట్టుకెళ్ళిన పుణ్యానికి నేనూ అక్కడే ఉన్నాను.

“మ్మా కెలెబోన్యే, రేపటినుంచి రేడియోలో పలకరింపులు లేవు. విమానం పేరు, ఎక్కడుంది, ఏం చెయ్యాలి. అంతే. డుమేలా లేదు, లేవడం లేదు, పశువులు లేవు.”

“సరే ర్రా.”

“నేను మూడు రోజులు ఇక్కడే కూర్చుని చూస్తాను. ఇంకొక్కటి ఇలాంటిది జరిగిందంటే మాత్రం, క్షమించండి మ్మా, బాధ్యులను మార్చక తప్పదు. రాజధానిలో సామాన్ల గిడ్డంగిలో ఒక ఖాళీ ఉంది.”

“గిడ్డంగికి కిటికీలుంటాయా ర్రా?”

ఆయన కాస్త ఆలోచించి, “ఒకటుంది,” అన్నాడు.

ఆవిడ నాలుగువైపులా ఉన్న అద్దాలను ఒక్కసారి చూసింది. ఇద్దరు పిల్లల్ని కన్న నెలలు తప్ప ఆవిడ ఆ కుర్చీ వదలలేదు. భర్త పోయిన ఏడాది కూడా పగలు అక్కడే కూర్చుంది. ఇంట్లో గోడలే కనబడతాయి, ఇక్కడైతే రావడం పోవడం కనబడుతుందని. మెట్లు దిగుతుంటే నాతో ఒక్క మాటంది. “ఆయన చెప్పిందాంట్లో తప్పులేదయ్యా. ఆ రోజు పశువుల గురించి నేనే అడిగాను. పిల్లాడు చచ్చిపోయేవాడు.”

మర్నాడు ఆకాశం శుభ్రంగా తెల్లవారింది. విమానాలు లేచిపోయాయి. ఒక్కొక్కటే పిలుస్తుంటే ఆవిడ అనుమతి ఇచ్చింది. మాట పొడిగా, ఎండిన రొట్టెలా ఉంది. పొద్దున్నే లేచిపోయే తొందరలో పైలట్లు ఎవరూ పెద్దగా గమనించలేదు. ర్రా ఫుతెగో కుర్చీలో తృప్తిగా సర్దుకున్నాడు. ఈసారి టీ పట్టుకుని పైకి వెళ్ళినవాణ్ణి నేను కిందికి రాలేదు. ఎవరూ పొమ్మనలేదు. కిటికీ పక్కన నిలబడ్డాను.

పలకరింపు అన్నది మామూలుగా ఉంటే ఎవరికీ వినిపించదు. లేకపోతే మాత్రం చెవులు గింగుర్లెత్తుతాయి. మా దేశంలో మనిషి మనిషిని పలకరించలేదంటే దానికి రెండే అర్థాలు. ఒకటి, కోపం. రెండు, ఇంట్లో చావు. మ్మా కెలెబోన్యేకు ఎవరిమీదా కోపం రాదని అందరికీ తెలుసు. పలకరింపులు వద్దన్న ఆజ్ఞ సంగతి టవర్ గదిలో విన్న మా ముగ్గురికి తప్ప ఎవరికీ తెలియదు. దాంతో దీవుల్లో దిగి, ప్రయాణికులను దింపి, చెట్టునీడన టీ తాగుతూ పైలట్లు కూడబలుక్కున్నారు. ఎవరు పోయారు? అమ్మా? అక్కా? టవర్ నుంచి ఎవరూ చెప్పరేం? చిన్నవాళ్ళు పెద్దవాళ్ళనడిగారు, పెద్దవాళ్ళు తమకూ తెలియదని ఒప్పుకోలేక తల అడ్డంగా ఊపి ఊరుకున్నారు. అలా ఊపడంతో చావు ఖాయమైపోయింది.

ఎండెక్కింది. తిరిగొచ్చే గంట వచ్చింది. మొదటి గొంతు సెలేలోది.

“టవర్, ఉత్తరం నుంచి సెలేలో. మ్మా... మా ఇంటావిడ కూడా మీతో ఉన్నట్టే అనుకోండి. ఎవరు మ్మా?”

ఆవిడ ర్రా ఫుతెగో వైపు చూసింది. ఆయన అడ్డంగా తలూపాడు.

“సెలేలో, దిగవచ్చు. రన్‌వే ఖాళీ,” అంది.

ఆ పొడిమాటతో ఆకాశంలో ఉన్న ఆ కాస్త అనుమానం కూడా తీరిపోయింది. చెప్పలేనంత దుఃఖంలో ఉందన్నమాట. అక్కణ్ణుంచి మొదలైంది. తూర్పునుంచి ఒకడు, సాయంత్రం తమ వీధివాళ్ళంతా ప్రార్థనకు వస్తామన్నాడు. దక్షిణం నుంచి ఇంకొకడు, కట్టెలూ నీళ్ళూ తన పూచీ అన్నాడు. మూడోవాడు, మేక కావాలంటే మొహమాటపడొద్దన్నాడు. ఇద్దరు కలిస్తే కీచు, ముగ్గురు కలిస్తే అరుపు. ఎవడు ఎక్కడున్నాడో చెప్పాల్సిన చోట ఎవడు ఏం తెస్తాడో చెబుతున్నాడు. ఆవిడ దూరదర్శిని కళ్ళకానించుకుని గదిలో గుండ్రంగా తిరుగుతోంది. ర్రా ఫుతెగో లేచి నిలబడ్డాడు.

“వాళ్ళకి చెప్పండి మ్మా, ఎవరూ పోలేదని చెప్పండి.”

“మైక్ వాళ్ళు వదిలితే కదా ర్రా.”

అప్పుడు గాడిద వచ్చింది.

రన్‌వే చుట్టూ ఉన్న కంచెలో ఒక కంత ఉంది. దాన్ని మూయించమని ఆవిడ అడగని అధికారి లేడు. అందులోంచి ఒక గాడిద, దాని వెనక దాని సంసారం, ఊరేగింపులా రన్‌వే మధ్యకు నడిచొచ్చి నిలబడ్డాయి. సెలేలో దిగబోతున్నాడు. చక్రాలు నేలను తాకే ముందు గాడిదను చూసి పైకి లాగాడు. మంచి పైలట్ చెయ్యాల్సిన పనే. కానీ ఆయన నెత్తిన గొడుగుంది. ఆ గొడుగు పైన, రన్‌వే ఖాళీ అన్న మాట ఒక్కటే చెవినబడి, అది తనకేననుకుని, హెన్నింగ్ తట్ట దించుకుంటూ వస్తున్నాడు. తూర్పునుంచి ప్రార్థనకు వస్తామన్నవాడు కూడా అదే గుమ్మంలోకి తిరిగాడు.

ఈసారి కిందికి పొమ్మంటే కింద గాడిదలు. పైకి పొమ్మంటే పైన విమానం. పక్కకు పొమ్మనాలంటే ఎవరిని ఏ పక్కకో విడివిడిగా చెప్పాలి. చెప్పాలంటే వినాలి. వినాలంటే ముందు అందరూ నోళ్ళు మూయాలి.

మ్మా కెలెబోన్యే లేచి నిలబడింది. తల గుడ్డ సర్దుకుంది. అంత ప్రమాదంలో తల గుడ్డ సర్దుకోవడమేమిటని నాకు ఒళ్ళు మండింది. మైక్ నొక్కి, వదలకుండా, టవర్ పెద్ద యంత్రానికున్న బలమంతా కలిపి, సెట్స్వానాలో అంది.

“డుమేలాంగ్ అమ్మలారా, అయ్యలారా.”

అది ఒక మనిషిని పలకరించే పలకరింపు కాదు. కొట్లాలో, అంటే ఊరి పెద్ద ముందు ఊరంతా కూర్చునే సభలో, పెద్దవాళ్ళు లేచి నిలబడి మొత్తం సభకు పెట్టే దండం. ఆ మాట పడగానే నోట్లో మాట నోట్లోనే మింగాలి. కూర్చున్నవాళ్ళు కదలకూడదు, దగ్గొస్తే ఆపుకోవాలి. తాతలనుంచీ ఎముకల్లోకి ఇంకిన అలవాటు. వెయ్యిమంది ఉన్న సభ ఆ మాటకు చప్పబడటం నేను చూశాను.

ఆకాశం చప్పబడింది.

కట్టెలూ లేవు, మేకా లేదు. కీచు లేదు. రేడియోలో గాలి తప్ప ఏమీ లేదు. హెన్నింగ్‌కు సెట్స్వానా రాదు. కానీ అంతకుముందు నెలలో అతని మోటారుసైకిల్ ఒక మేకను గుద్దిన వ్యవహారంలో సగంరోజు ముద్దాయిగా కొట్లాలో కూర్చున్నాడు. ఆ మాటకు ఏం చెయ్యాలో అతనికీ తెలుసు.

“సెలేలో, ఎడమకు తిరుగు. తిరుగుతూనే ఉండు. హెన్నింగ్, నిటారుగా పైకి, నది దాకా పో. తూర్పువాడా, ఉన్నచోటే చుట్టు తిరుగు.”

ఎడమ రెక్క నేలను చూపిస్తూ సెలేలో పక్కకు వాలిపోయాడు. ఆయన ఒక్క క్షణం ముందున్న చోటులోంచి హెన్నింగ్ చక్రాలు దూసుకుపోయాయి. టవర్ అద్దాలు గలగలలాడాయి. హెన్నింగ్ కిటికీలో ఒక ప్రయాణికురాలి టోపీ, దాని కిందున్న ముఖం, ఆ ముఖంలో ఫొటో తీయాలన్న సరదా, అన్నీ నాకు కనబడ్డాయి. ఆ ప్రయాణికురాలికి అదంతా ఏనుగుల వినోదంలో భాగమే అనిపించినట్టుంది. కింద గాడిద తలెత్తి చూసి, తన దారిన తాను నడిచింది.

నా పక్కనుంచి, మెల్లగా, గౌరవంగా ఒక మాట వినిపించింది.

“పూలా.”

వాన అని అర్థం. సభ తరఫున పెద్దల పలకరింపుకు ఇచ్చే జవాబు అది. తిరిగి చూస్తే ర్రా ఫుతెగో. టై సర్దుకుని, చేతులు కట్టుకుని, తల వంచి నిలబడి ఉన్నాడు. పలకరింపులు వద్దని ఆజ్ఞాపించిన మనిషి. అన్నాక తనన్నది తనకే వినిపించి, గొంతు సవరించుకుని కూర్చున్నాడు.

ఆవిడ మైక్ వదల్లేదు. “అమ్మలారా, అయ్యలారా, మా ఇంట్లో ఎవరూ పోలేదు. అందరం లేచాం. ఇప్పుడు నేను పిలిచినవాళ్ళే మాట్లాడండి. మిగతావాళ్ళు విన్నామని రెండుసార్లు మైక్ నొక్కి వదలండి, చాలు.”

టిక్ టిక్. టిక్ టిక్. ఆకాశం నలుమూలలనుంచీ, చీకట్లో కీచురాళ్ళలా, ఒకదాని తర్వాత ఒకటి. గాడిదలను తోలడానికి మెకానిక్కులు పరిగెత్తారు. ఆవిడ ఒక్కొక్కరిని పిలిచింది, ఒక్కొక్కరే దిగారు. చివరివాడి చక్రాలు ఆగాకగాని ఆవిడ కూర్చోలేదు. కూర్చున్నాక నేను ఫ్లాస్కు మూత తీసి టీ పోశాను.

కిటికీ ఒక్కటే ఉన్న ఆ గిడ్డంగి మా ముగ్గురి మధ్యా కూర్చుని ఉంది. చివరికి ఆవిడే అడిగింది.

“ఇంకొక్కటి జరిగితే బాధ్యులను మార్చేస్తానన్నారు ర్రా. జరిగింది. నేనెప్పుడు బయలుదేరాలి?”

ర్రా ఫుతెగో కిటికీ దగ్గరికి వెళ్ళి కంచెలోని కంతను చూశాడు.

“అన్నాను. మాట మాటే. కానీ మ్మా, ఇవాళ జరిగినదానికి బాధ్యుడెవరా అని ఆలోచిస్తున్నాను. పలకరించొద్దన్నది మీరు కాదు. పలకరించకపోతే చావు అనుకున్నది ఆ పిల్లలు, అందులో వాళ్ళ తప్పు లేదు, నేనైనా అదే అనుకునేవాణ్ణి. గాడిద తప్పు కొంత ఉంది. మిగిలిందంతా నాదే.” ఒక గుక్క టీ తాగి చాలా గంభీరంగా, “నన్ను నేను రాజధానికి బదిలీ చేసుకుందామంటే ఇప్పటికే అక్కడున్నాను,” అన్నాడు.

ఆవిడ నవ్వలేదు. ఆవిడకు కావలసింది నవ్వు కాదు. “అంటే?”

“అంటే మీరు ఇక్కడే ఉంటారు మ్మా. కంచె మూయిస్తాను. కానీ ఒక్కొక్కరినీ అడిగి నిలబెట్టే ఆ పలకరింపు మళ్ళీ రేడియోలో వినిపించకూడదు. రద్దీ గంట మొదలవగానే ఇందాకటిలా అందరినీ కలిపి ఒక్కసారి పలకరించండి. సభ మొదలైనట్టే లెక్క. ఆలస్యంగా వచ్చినవాడు సభలో ఏం చేస్తాడు? వంగి, చప్పుడు చెయ్యకుండా వచ్చి తన చోట కూర్చుంటాడు. ఆకాశంలోనూ అంతే.”

ఆవిడ ఆలోచించింది. ఉద్యోగం దక్కినవాళ్ళు అంతసేపు ఆలోచించడం నేనెక్కడా చూడలేదు.

“ఎవరెలా లేచారో మరి నాకెలా తెలుస్తుంది ర్రా?”

నిజాయితీపరుడు కనుక ఆయన అది తనకు తెలియదనే చెప్పాడు.

జవాబు ఆవిడే ఆ సాయంత్రం వెతుక్కుంది. పొద్దు వాలి, చివరి విమానాన్ని తాళ్ళతో కట్టేశాక, టవర్‌కు తాళం వేసి ఆవిడ మెట్లు దిగింది. ఇంటికి పోలేదు. పెట్రోలు పీపాల దగ్గర నిలబడి పైలట్లందరినీ పిలవమంది. ఎందుకో ఏమోనని వచ్చారు. వరసలో నిలబెట్టింది. నేటినుంచి రోజూ ఇంతేనంది. పొద్దున గాల్లోకి పోయేముందు ఒకసారి, సాయంత్రం ఒకసారి, ముఖం చూపించి పలకరించి పోవాలి. ముఖం చూస్తే ఇంకా బాగా తెలుస్తుందట, రేడియోలో ఇన్నాళ్ళూ సగమే తెలిసేదట.

అందరికన్నా ముందు ర్రా సెలేలో నిలబడ్డాడు. డుమేలాలయ్యాయి. సాయంత్రం కనుక ఎలా గడిపారని అడిగింది. ఎడమకు వాలుతూ గడిపానన్నాడాయన. వెనకవాళ్ళు నవ్వారు.

“ఇప్పుడు చెప్పండి ర్రా,” అంది ఆవిడ, ఒక పీపా మీద తీరిగ్గా కూర్చుంటూ. “ఆ నల్లావుకు ఏమైంది?”

వరసలో రెండోవాడు హెన్నింగ్. పొడుగుకాళ్ళు మార్చి మార్చి నిలబడ్డాడు, గడియారం చూసుకున్నాడు, తల పైకెత్తి చూశాడు. పైన ఒక్క విమానం కూడా లేదు. అతనూ వచ్చి ఆవిడకు ఇటుపక్క పీపా మీద కూర్చున్నాడు, ఆవు కథ వినడానికి.